పక్కవాళ్ళ పట్టుదల చూసి మీరు ఏ పని మళ్ళీ మొదలుపెట్టారు?

పేకపోగు | ఆదివారం, రాత్రి 9:20

అందరికీ నమస్తే. మీరు రాసేవి చాలా రోజులుగా చదువుతున్నాను. నేను రాయడం ఇదే మొదటిసారి.

మాది ఆలేరు దగ్గర ఒక చేనేత పల్లె. మూడుసార్లు గ్రూప్స్ రాశాను, మూడుసార్లూ కొద్దిలో పోయింది. మూడోసారి ఫలితం వచ్చిన రోజు పుస్తకాలన్నీ గోనెసంచిలో కుక్కి అటక మీద పెట్టేశాను. తర్వాతి వారం మా మేనత్త ఇంటికి వెళ్ళాను. అక్కడ చూసింది మీకు చెప్పాలనిపించింది.

మా అత్త గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. పక్కన ఆసు మిషన్ దానంతట అదే నడుస్తోంది. పోగు తెగిందేమోనని మధ్యమధ్యలో ఒక చూపు చూసి, మళ్ళీ చిక్కుడుకాయల మీద పడుతోంది. అంతే. నాకు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. పోచంపల్లి పట్టుచీరకు చిటికి కట్టి (పోగులకు ముడులు కట్టి) రంగులు అద్దకముందే పేక పట్టును, అంటే అడ్డంగా నేసే పోగును, ఆసు పోయాలి. ఒకవైపు ఒక్క మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా వరుసగా మేకులు. పోగును ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిప్పుతూనే ఉండాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి ఆడాలి. రెండు చీరలకు పోస్తే 18,000. చీరకు నాలుగైదు గంటలు పడుతుంది. ఇదంతా ఇంట్లో ఆడవాళ్ళ పనే. మా అమ్మ కుడి భుజం పదిహేనేళ్ళుగా పైకి లేవదు. జడ వేసుకోవాలంటే నన్ను పిలుస్తుంది.

చింతకింది మల్లేశం గారిది మా పక్కనే శారాజీపేట. ఆరో తరగతితో చదువు ఆగిపోయింది. వాళ్ళమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక ఆసు పోసే మిషన్ చేయాలనుకున్నారు. 1992లో మొదలుపెడితే 1999లో పూర్తయింది. మధ్యలో పని ముందుకు సాగక, చేతిలో డబ్బుల్లేక హైదరాబాద్ వెళ్ళి ఏదో పని చూసుకున్నారు. బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీకి పని మీద వెళ్ళినప్పుడు అక్కడి మిషన్ ఒకటి కదిలే తీరు చూశారు. తన మిషన్ ఆగిపోయిన చోట కావలసింది అదే కదలిక అని పట్టుకున్నారు. ఇప్పుడు చీర గంటన్నరలో అయిపోతుంది. పేరు లక్ష్మీ ఆసు యంత్రం, వాళ్ళమ్మ పేరే.

2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చిన సంగతి మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. బాలానగర్ సంగతి నాకూ తెలుసు, కానీ మొన్న అత్త ఇంట్లోనే బుర్రకెక్కింది. పొట్టకూటికి వెళ్ళిన చోట కూడా ఆయన మనసులో ఆ మిషనే తిరుగుతోంది. లేకపోతే ఆ కదలిక ఆయన కంట ఎందుకు పడుతుంది?

మీరు కూడా చెప్పండి. ఉత్త పేరు చెప్పి వెళ్ళిపోకండి. వాళ్ళలో దగ్గరగా ఏం చూశారు, మర్నాడు మీరు ఏం చేశారు, రెండూ రాయండి. నేనైతే సంచి అటక మీద నుంచి దించాను. ఇంకా విప్పలేదు.

---

విశాఖ_నాన్న | ఆదివారం, రాత్రి 10:05

అమ్మా, చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మా ఊరి అమ్మాయి గురించి చెప్తాను. జ్యోతి యర్రాజీ, 100 మీటర్ల హర్డిల్స్. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్ళల్లో పని చేసేవారు.

అందరూ పతకాలు లెక్కపెడతారు. నేను మాత్రం మూడు అంకెలు కాగితం మీద రాసి బీరువాకు అతికించుకున్నాను: 13.03, 13.09, 13.23.

ఈ రేసులో జాతీయ రికార్డు 2002 నుంచి 13.38 సెకన్లు, అనురాధా బిస్వాల్ గారిది. 2020లో మూడబిదిరి అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో జ్యోతి 13.03లో పరిగెత్తింది. లెక్కలోకి తీసుకోలేదు. డోప్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ ఫెడరేషన్ సాంకేతిక ప్రతినిధి అక్కడ లేరు. ఇందులో ఆ పిల్ల తప్పు ఏముంది చెప్పండి. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 13.09. అప్పుడూ లెక్కలోకి రాలేదు. వెనక నుంచి వీచే గాలి సెకనుకు 2.0 మీటర్లు దాటకూడదు, ఆ రోజు 2.1 ఉంది. నెల తిరిగేసరికి సైప్రస్‌లో 13.23. అది రికార్డు పుస్తకంలోకి ఎక్కింది.

గమనించారా? పుస్తకంలోకి ఎక్కిన టైమింగ్ కంటే ఎక్కని రెండూ మెరుగైనవి! ఇంకొకరైతే అక్కడే మనసు విరిగిపోయేది. ఈ అమ్మాయి అదే ఏడాది అక్టోబరులో 12.82 చేసింది. మన దేశంలో 13 సెకన్ల లోపు పరిగెత్తిన మొదటి హర్డ్లర్ అయింది. పారిస్ ఒలింపిక్స్‌కు కూడా వెళ్ళింది.

మా అమ్మాయి జిల్లా స్థాయిలో పరిగెడుతుంది. పోయిన ఏడాది ఒక పోటీలో కాగితాల్లో పొరపాటు జరిగి తన పేరు జాబితాలో పడలేదు. మూడు రోజులు అన్నం తినలేదు. నాలుగో రోజు ఈ మూడు అంకెలు చూపించి కథ చెప్పాను. మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి నేను లేపకుండానే లేచి షూ కట్టుకుంది. నేనూ అప్పటి నుంచి ఆమెతో పాటు గ్రౌండ్‌కు నడుస్తున్నాను. షుగర్ కూడా అదుపులోకి వచ్చింది.

---

రాత్రిడ్యూటీ | సోమవారం, తెల్లవారుజామున 3:40

బ్రేక్‌లో ఉన్నాను, అందుకే ఈ టైమ్‌లో రాస్తున్నాను.

ఒక మాట నిజాయితీగా చెప్పనా? ఇలాంటివి చదివితే నాకు ఉత్సాహం రాదు, టెన్షన్ వస్తుంది. నాకు 34 ఏళ్ళు. డిగ్రీలో రెండు పేపర్లు పోయి తొమ్మిదేళ్ళయింది, ఇంతవరకు రాయలేదు. 13 ఏళ్ళ పిల్ల ఎవరెస్ట్ ఎక్కింది అని ఎవరైనా స్టేటస్ పెడితే, నేనేం చేశాను ఇన్నాళ్ళూ అని గుండెల్లో రాయి పడ్డట్టు ఉంటుంది. ఫోన్ పక్కన పడేసి పడుకుంటాను. మీ అందరికీ ఆ బాధ కలగదా? కలిగితే ఏం చేస్తారు? తప్పుగా అనుకోకండి.

---

కమాను_మాస్టారు | సోమవారం, ఉదయం 6:15

బాబూ రాత్రిడ్యూటీ, తప్పుగా ఎందుకు అనుకుంటాం. నాకూ అలాగే ఉండేది.

మాది విజయనగరం. ముప్ఫై ఆరేళ్ళు లెక్కలు చెప్పి రిటైర్ అయ్యాను. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు నడిచిన వీధుల్లోనే పెరిగాను గానీ, 61వ ఏట దాకా వయొలిన్ ముట్టుకోలేదు. ఆయన పేరు వింటేనే ఇక మనవల్ల ఏమవుతుంది అనిపించేది. చూపు సరిగా ఆనక బడి చదువు సాగని పిల్లవాడు, అన్నగారి దగ్గర వయొలిన్ నేర్చుకున్నాడు. 1919లో ఇక్కడి సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరదామని వస్తే, ఆయన వాయిద్యం విని ఏకంగా అధ్యాపకుడిగా తీసుకున్నారు. అప్పుడు ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. ఇంత ఎత్తు మనిషిని చూస్తే మెడ నొప్పి పుట్టదూ!

నా మనవరాలికి సంగీతం చెప్పే మాస్టారు ఒకరోజు నాతో అన్నారు, "మీరు ఆయన కచేరీ గురించే ఆలోచిస్తున్నారు, అన్నగారి ముందు కూర్చున్న మొదటి ఏడాది గురించి ఆలోచించండి" అని. ఆ మొదటి ఏడాది ఎలా ఉండి ఉంటుందో నాకు ఇప్పుడు తెలుసు. మొదటి నాలుగు నెలలు కమాను తీగ మీద పెడితే తలుపు కీచుమన్నట్టే వచ్చేది. మా ఆవిడ వంటింటి తలుపు వేసుకునేది. ఐదో నెలలో ఒకరోజు, మాయామాళవగౌళ రాగంలో తొలిపాఠమైన సరళి వరుస వాయిస్తుంటే ఆ తలుపు తెరుచుకుంది. పప్పు గరిట చేతిలో పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. ఏమీ అనలేదు. నాకు ఆ రోజు చాలు.

ఘంటసాల గారు ఈ ఊళ్ళోనే రోజుకో ఇంట్లో తింటూ వారాలు చేసుకుని, ఇంటింటా అన్నం అడిగే మధుకరం ఎత్తుకుని చదువుకున్నారు. అందరం ఆయన గురించే చెప్పుకుంటాం. కాణీ తీసుకోకుండా ఆయనకు సంగీతం చెప్పిన పట్రాయని సీతారామశాస్త్రి గారి గురించి కూడా ఆలోచించు బాబూ. మనకు శిష్యుడయ్యే ప్రతిభ లేకపోయినా, ఆ గురువు గారి పాత్ర ఎవరికో ఒకరికి పోషించవచ్చు.

నీ రెండు పేపర్లు ఏమిటి? లెక్కలైతే నాకు చెప్పు.

---

బొగ్గుబాయి_బిడ్డ | సోమవారం, మధ్యాహ్నం 2:30

గోదావరిఖని నుంచి. అందరివీ చదివాను, అందరి మీదా గౌరవంతోనే ఒక మాట అంటున్నాను.

మనం పట్టుదల అని మురిసిపోయేటప్పుడు, ఆ పట్టుదల అంత ఎందుకు అవసరపడిందో మర్చిపోతున్నాం. 9,000 సార్లు చెయ్యి ఆడించిన తల్లుల నొప్పి కొన్ని తరాల పాటు ఎవరికీ కనపడలేదు. ఒక్క కొడుకు ఏడేళ్ళు పోరాడితే గానీ మిషన్ రాలేదు. అది మనం సిగ్గుపడాల్సిన విషయం కూడా.

తమ్ముడు రాత్రిడ్యూటీ అన్న ఎవరెస్ట్ పిల్ల మాలావత్ పూర్ణ, నిజామాబాద్ జిల్లా పాకాల. 2014 మే 25న ఎక్కింది, అప్పటికి పద్నాలుగు నిండలేదు. ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ కూడా తనతో ఎక్కాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. భువనగిరి గుట్ట మీద రాక్ క్లైంబింగ్ నేర్పించి, కొండల మీదికి తీసుకెళ్ళి శిక్షణ ఇప్పించారు. ఆ గురుకులం లేకపోతే పూర్ణ పట్టుదల పాకాలలోనే ఉండిపోయేది. అలా ఉండిపోయినవాళ్ళు మన చుట్టూ ఎంతమంది ఉన్నారో ఎవరికి తెలుసు?

వరంగల్ జిల్లా కల్లెడ దీప్తి జీవంజిని చూడండి. మేధోపరమైన వైకల్యంతో పుట్టింది. ఊళ్ళో వాళ్ళు ఆ పిల్లనూ తల్లిదండ్రులనూ అన్న మాటలు పేపర్లో చదివి నాకు కడుపు మండింది. కూలి చేసుకునే ఇల్లు, ఉన్న కాస్త భూమీ అమ్ముకున్నారు. కోచ్ నాగపురి రమేష్ గారి కంట పడబట్టి, 2024లో కోబె ప్రపంచ పారా పోటీల్లో 400 మీటర్లు 55.07 సెకన్లలో, ప్రపంచ రికార్డుతో గెలిచింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. కంట పడకపోతే?

నా మటుకు నేను చేసింది చిన్న పని. మా క్వార్టర్స్ వెనక ఒక అమ్మాయి ఉంది, తొమ్మిదో తరగతి. తల్లి కూరగాయలు అమ్ముతుంది. పిల్ల చెప్పుల్లేకుండా పరిగెడుతుంటే మా బస్తీ కుర్రాళ్ళు సైకిల్ మీద కూడా అందుకోలేరు. స్టేడియం దాకా రానుపోను ఆటో డబ్బులు నెలనెలా నేనూ మా షిఫ్ట్‌లో ముగ్గురమూ కలిసి ఇస్తున్నాం. దీప్తి గురించి చదివిన మర్నాడే మొదలుపెట్టాం.

---

విశాఖ_నాన్న | సోమవారం, సాయంత్రం 6:10

అన్నా, మీరు చెప్పిన రమేష్ గారి దగ్గరే మా జ్యోతి కూడా హైదరాబాద్‌లో కొన్నాళ్ళు శిక్షణ తీసుకుంది. ఇది ఇక్కడ చెప్పి తీరాలి అనిపించింది.

---

పేకపోగు | సోమవారం, రాత్రి 8:45

బొగ్గుబాయి అన్నా, మీ మాటకు మొదట కొంచెం బాధపడ్డాను. తర్వాత మీ పోస్టు అమ్మకు చదివి వినిపించాను. అమ్మ ఏమందో చెప్పనా? "ఆ అన్న చెప్పింది నిజమే బిడ్డా. మా నొప్పి మాకే నొప్పిలా అనిపించలేదు, ఆడపుట్టుక అంటే ఇంతే అనుకున్నం" అంది. ఇన్నేళ్ళలో అమ్మ నోట ఆ మాట నేను వినలేదు.

---

కొబ్బరాకు | సోమవారం, రాత్రి 9:30

నేను పేరున్నవాళ్ళ గురించి చెప్పను. మాది ఆత్రేయపురం. మా పిన్ని గురించి చెప్తాను.

పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అందరూ పేరు విని, కొని తింటారు. రేకు తీయడం చూసినవాళ్ళు తక్కువ. కుండ బోర్లించి, కింద కొబ్బరాకు మంట. బియ్యప్పిండి రుబ్బి నీళ్ళలా జారుగా కలుపుతారు. అందులో పల్చటి గుడ్డ ముంచి, రెండు చేతులా పట్టుకుని కుండ మీద అలా పరిచి ఇలా లాగేస్తారు. రెప్పపాటు. కుండ మీద కాగితం కంటే పల్చటి పొర మిగులుతుంది. దాన్ని చిరగకుండా వేళ్ళతో లేపాలి. మంట ఎక్కువైతే మాడుతుంది, తగ్గితే అంటుకుపోతుంది. థర్మామీటరూ లేదు, గడియారమూ లేదు. కుండ మీద గుడ్డ పడగానే వచ్చే "సుయ్" అనే చప్పుడును బట్టి మంట ఎగదోయాలో తగ్గించాలో చెప్పేస్తుంది మా పిన్ని.

నేను కాకినాడలో ఫోన్లు రిపేర్ చేస్తాను. పోయిన వేసవిలో ఒక రోజు పిన్ని పక్కన కూర్చుని నేను కూడా ప్రయత్నించాను. నలభై రేకులు చింపాను. పిన్ని ఒక్క మాట కూడా విసుక్కోలేదు. చిరిగిన ముక్కలన్నీ పళ్ళెంలో పోగుచేసి, నెయ్యి, పంచదార వేసి నాకే పెట్టింది. "నేను ఏడాది చింపేనురా" అంది.

షాపులో నా దగ్గర ఒక కుర్రాడు పని నేర్చుకుంటున్నాడు. సోల్డరింగ్ చేస్తూ బోర్డులు పాడు చేస్తుంటే కేకలేసేవాడిని. పిన్ని దగ్గర నుంచి వచ్చాక ఆ కేకలు మానేశాను. పనికిరాని పాత బోర్డులు ఒక పెట్టెడు తెచ్చి ముందు పెట్టి, వీటి మీద ఎన్ని కావాలంటే అన్ని పాడు చెయ్యి అన్నాను. ఇప్పుడు వాడి చెయ్యి నా చెయ్యి కంటే నిలకడగా ఉంది.

---

డల్లాస్_గుంటూరమ్మాయి | మంగళవారం, ఉదయం 7:50

పాప పుట్టాక రెండేళ్ళు ఉద్యోగం మానేసి, మళ్ళీ ఇంటర్వ్యూలకు వెళ్తున్నాను. ఇక్కడ నాకు తోడుగా ఉన్నది చెస్ క్రీడాకారిణి కోనేరు హంపి గారి కథే.

2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయినప్పుడు మా స్కూల్లో ఆమె ఫోటో గోడకు పెట్టారు. అప్పుడు మెచ్చుకున్నాను అంతే. ఇప్పుడు వేరేగా చూస్తున్నాను. పాప కోసం ఆట ఆపి, తిరిగి వచ్చి 2019లో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ సమయంలో ఆడే చెస్) టైటిల్ గెలిచారు. ఐదేళ్ళ తర్వాత 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో మళ్ళీ గెలిచారు, 37 ఏళ్ళకు. ఆ టోర్నీలో మొదటి గేమే ఓడిపోయారు. అక్కడ నుంచి 11 రౌండ్లలో 8.5 పాయింట్లు. ఆఖరి రౌండ్ నల్లపావులతో ఆడి గెలిచారు.

పోయిన నెల నా మొదటి ఇంటర్వ్యూ ఘోరంగా పోయింది. గ్యాప్ ఎందుకు వచ్చింది అని అడిగితే గొంతు పూడుకుపోయింది. కార్లో కూర్చుని ఏడ్చాను. తర్వాత, ఇది నా మొదటి రౌండ్ అని ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఇప్పుడు నాలుగో రౌండ్ అయింది. ఉద్యోగం ఇంకా రాలేదు. గొంతు మాత్రం పూడుకుపోవడం లేదు.

---

మున్నేటి_గట్టు | మంగళవారం, ఉదయం 11:00

ఖమ్మం. వనజీవి రామయ్య గారిని చిన్నప్పుడు మా బడి దగ్గర చూశాను. సైకిల్, మెడలో "వృక్షో రక్షతి రక్షితః" బోర్డు, జేబుల నిండా గింజలు. భార్య జానమ్మ గారు కూడా ఆయనతో పాటే. కోటికి పైగా మొక్కలు నాటారు. 2025 ఏప్రిల్‌లో ఆయన పోయారని తెలిసిన రోజు మా ఇంటి వెనక కాలువ గట్టున ఐదు కానుగ మొక్కలు నాటాను. రెండు ఎండిపోయాయి. మూడు నా నడుం దాకా వచ్చాయి.

---

రాత్రిడ్యూటీ | బుధవారం, ఉదయం 7:20

కమాను మాస్టారూ, మీ పోస్టు మూడుసార్లు చదివాను. ఒకటి లెక్కల పేపరే.

ఇంకొక విషయం. మమ్మల్ని దింపే క్యాబ్ డ్రైవర్ అన్నను ఏడాదిగా చూస్తున్నాను, నిజానికి చూడలేదనే చెప్పాలి. ఎక్కగానే కళ్ళు మూసుకుంటాను. మీ అందరివీ చదివాక నిన్న మేలుకుని ఉన్నాను. స్టీరింగ్ పక్కన రబ్బర్ బ్యాండ్ పెట్టిన చిన్న చీటీల కట్ట ఉంది. మా వాళ్ళలో ఒకరి కోసం గేటు దగ్గర పది నిమిషాలు ఆగాం. ఆ పది నిమిషాలూ ఆయన ఆ చీటీలు ఒక్కొక్కటే తిప్పుతూ పెదాలు కదిలిస్తున్నాడు. అడిగితే, కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్నానని చెప్పాడు. వయసు దాటిపోయేలోపు ఇదే ఆఖరి అవకాశమట. రాజ్యాంగం ఆర్టికల్స్ అన్నీ చీటీల మీద వాళ్ళావిడ రాసిస్తుందట. ఆమె చేతిరాత గుండ్రంగా, ముత్యాల్లా ఉంది.

ఆయనను చూస్తే నాకు ఆ టెన్షన్ రాలేదు. పక్క సీట్లోనే ఉన్నాడు కాబట్టేమో. నాకు దొరికే పది నిమిషాలు కూడా ఆయనకు దొరికేలాంటివే కదా. ఈ రోజు యూనివర్సిటీకి ఫోన్ చేసి పాత బ్యాక్‌లాగ్‌లు ఇప్పుడు రాయనిస్తారా అని అడిగాను. దరఖాస్తు పెట్టుకుంటే చూస్తామన్నారు. రేపు పెడుతున్నాను.

---

కమాను_మాస్టారు | బుధవారం, ఉదయం 7:55

సిలబస్ ఫోటో తీసి పంపు బాబూ. సాయంత్రం నాలుగింటికి నేను ఖాళీ, నువ్వు నిద్ర లేచే వేళ అదే కదా.

---

విశాఖ_నాన్న | బుధవారం, రాత్రి 9:00

బొగ్గుబాయి అన్నా, మీ అమ్మాయి ఇంకా చెప్పుల్లేకుండానే పరిగెడుతోందా? మా పాపకు కాలు పెరిగింది. దాని స్పైక్స్ (పరుగు బూట్లు) ఒక జత ఉంది, 5 నంబరు, ఆరు నెలలు కూడా వాడలేదు. దానికి చెప్తే, తనే కడిగి ఎండలో పెట్టి లేసులు మార్చింది. పంపమంటారా?

---

బొగ్గుబాయి_బిడ్డ | గురువారం, ఉదయం 6:30

పంపండి అన్నా. నిన్న రాత్రే వాళ్ళింటికి వెళ్ళి పాదం కాగితం మీద పెట్టి గీసుకొచ్చాను. 4 నంబరు అవుతుంది. మందం సాక్స్ వేస్తే ఈ ఏడాదికి ఆగుతుంది, వచ్చే ఏడాదికి సరిగ్గా సరిపోతుంది. అడ్రస్ విడిగా మెసేజ్ చేస్తాను. ఆ పిల్ల అడిగింది, ఇవి ఎవరివి అని. విశాఖపట్నంలో ఒక అక్కవి అని చెప్పాను.

---

పేకపోగు | గురువారం, రాత్రి 10:15

సంచి విప్పాను. పుస్తకాల మధ్య ఒక ఎలుక కాపురం పెట్టింది, పాలిటీ పుస్తకం మూల కొరికేసింది. అమ్మ అంతా దులిపి, ఎడమ చేత్తోనే అట్టలు వేస్తోంది. నేను చదువుతున్నాను.